వెంట వచ్చిన పొయ్యి

షోలాపూరు పేరు వినగానే ఎవరికైనా ముందు దుప్పటి జ్ఞాపకం వస్తుంది. చలికాలం రాగానే పెట్టె అడుగునుంచి పైకి తీసే ఆ బరువైన నూలు చాదరు తెలుగు ఇళ్ళకు కొత్తది కాదు. కాని దానిని నేసిన చేతుల్లో చాలా భాగం తెలుగు చేతులేనని అందరికీ తెలియదు. కరీంనగరం, ఓరుగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పద్మశాలీలు పందొమ్మిదో శతాబ్దం చివరినుంచీ బతుకుతెరువు వెతుక్కుంటూ ఇక్కడికి వస్తూ వచ్చారు. 1877లో ఊళ్ళో పెద్ద బట్టల మిల్లు వెలిసింది. మిల్లుల్లోకి కొందరు, చేమగ్గాల మీదికి కొందరు, ఆ తరువాత కరెంటు మగ్గాల మీదికి మరికొందరు చేరి, ఊరి తూర్పు భాగాన్ని దాదాపు తెలుగు ఊరుగా చేశారు. పాత మిల్లులు మూతపడ్డాయి, మనుషులు మిగిలారు.

మా నీలం నగరు ఆ తూర్పు భాగంలోనిదే. అక్కలకోట రోడ్డు వైపు, పారిశ్రామిక వాడకు దగ్గరగా ఉంటుంది. తెల్లవారుజామున మా వీధిలో కోడికంటె ముందు మగ్గమే కూస్తుంది. రాత్రి పాళీవారు దిగకముందే పగటి పాళీవారు వచ్చి నిలబడతారు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ చప్పుడుకు రెండు రాత్రులు నిద్రపోరు. మాకు మటుకు అది ఆగితేనే మెలకువ వస్తుంది. కరెంటు పోయిందేమోనని లేచి కూర్చుంటాము. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో రెండూ కలిపి మాట్లాడుకుంటాము. మగవారు మగ్గం మీద ఉంటే, ఆడవారు చేట ఒళ్ళో పెట్టుకుని గడప దగ్గర బీడీలు చుడతారు. వెయ్యి బీడీలు చుడితే ఒక రోజు కూలి. ఇక్కడ పొద్దును గడియారంతో కాక, ఎన్ని చాదర్లు దిగినవి, ఎన్ని కట్టలు అయినవి అనే లెక్కతో కొలుస్తారు. అటువంటి చోట 'విహారయాత్ర' అనే మాటకు చోటు తక్కువ అని వేరే చెప్పనక్కరలేదు.

మొన్న అమెరికాలో ఉన్న మా అన్న కొడుకు ఫోను చేసి ఒక వింత చెప్పాడు. వాళ్ళు ఇల్లంత మోటారు బండి ఒకటి అద్దెకు తీసుకుని, భార్యాపిల్లలతో పది రోజులు తిరిగి వచ్చారట. దానిని అక్కడ ఆర్వీ అంటారు. అందులోనే పడకలు, పొయ్యి, మంచుపెట్టె, కుళాయి, స్నానాల గది! మంచినీళ్ళకు ఒక తొట్టి, వంటింటి మురికినీటికి ఒక తొట్టి, పాయిఖానాకు వేరే తొట్టి. సాయంకాలానికి అడవిలో వాటికోసమే ఏర్పాటు చేసిన మైదానంలో బండి ఆపి, కరెంటు తీగ తగిలించుకుని, బయట నెగడు వేసి, దానిమీద వంకాయలు కాల్చుకుని పచ్చడి చేసుకున్నారట. అటువంటి బండ్లకు పేరుబడిన విన్నెబాగో కంపెనీ 1966 నుంచే వాటిని తయారు చేస్తున్నదని, అక్కడ అది పాతబడిన సరదా అని చెప్పాడు.

“అత్తా, మీకు నవ్వు వస్తుందేమో, ఇంత దూరం పోయి మళ్ళీ మన వంటే వండుకున్నాము,” అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. 2018 కార్తీకంలో మేము చేసిన ప్రయాణం కళ్ళముందు తిరిగింది. మా బండికి తొట్లు లేవు, కుళాయిలు లేవు. ఉన్నదల్లా ఒక ఇనుప పొయ్యి. కాని ఆ పొయ్యి మాకు చేసిన ఉపకారం పెద్దది. అది చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అత్తగారు సిరిసిల్ల ఆడబిడ్డ. పదిహేనో ఏట పెళ్ళయి షోలాపూరు వచ్చింది. నలభై ఏళ్ళకు పైగా బీడీలు చుట్టి నలుగురిని పెంచింది. పుట్టింట ఆమెకు ఒక్కడే తమ్ముడు. 1989లో వాళ్ళ అమ్మ పోయినప్పుడు కబురు ఇక్కడికి ఆలస్యంగా అందింది. ఈమె వెళ్ళేసరికి అంతా అయిపోయింది. “ఒక్క పూట ఆపలేకపోతివా తమ్మీ?” అని ఈమె, “ఆపితే నిన్ను ఏడికెళ్ళి తేవాలె?” అని ఆయన. దుఃఖంలో అన్న మాటలే. కాని ఈమె కాళ్ళు కడుక్కున్న నీళ్ళయినా ఆరకముందే లేచి, “ఇగ ఈ ఇంట్ల మెతుకు ముట్టను” అని ఒట్టు పెట్టుకుని బస్సెక్కింది. ఆ తరువాత రెండు ఇళ్ళలోనూ పెళ్ళిళ్ళు జరిగాయి. పిలుపులు మూడోవారి నోట వచ్చాయి. సాకులు మూడోవారి నోట వెళ్ళాయి. ఇరవై తొమ్మిదేళ్ళు అట్లాగే గడిచిపోయాయి.

మా అబ్బాయికి పసితనంలో జబ్బు చేసినప్పుడు నేను వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కుకున్నాను. వాడు అయిదో తరగతికి వచ్చాడు గాని మొక్కు తీరలేదు. వేములవాడ పోవాలంటే సిరిసిల్ల మీదుగా పోవాలి. సిరిసిల్ల మీదుగా పోయి, తమ్ముడి ఇంటికి పోకుండా ఎట్లా వస్తాము? పోయి తినకుండా ఎట్లా వస్తాము? ఈ చిక్కుముడి విప్పలేక ఏటికేడు వాయిదా వేస్తూ వచ్చాము.

ఆ సంవత్సరం దీపావళికి మగ్గాలు నాలుగైదు రోజులు ఆగాయి. చేతికి బోనసు వచ్చింది. పిల్లలకు సెలవులు. మా వారు, మరిది కలిసి టెంపో ట్రావెలర్ బండి ఒకటి మాట్లాడారు. మేము ఇద్దరం, మరిది ఇద్దరు, ఆడబిడ్డ ఇద్దరు, పిల్లలు నలుగురు, అత్తగారు, పైన డ్రైవరు. మొత్తం పన్నెండు నోళ్ళు. మూడు పూటలా హోటల్లో తింటే బోనసు రెండో రోజుకే హరీమంటుంది. దారిలో వండుకోవడమే మంచిదని అందరమూ అన్నాము.

నేను చిన్న గ్యాస్ సిలిండరు తీసుకుందామన్నాను. అత్తగారు ఒప్పుకోలేదు. “మనుషులు కూసునే బండ్ల మంట సామాను వద్దు బిడ్డా” అని, అటకమీది ఇనుప పొయ్యి దింపించి, తుప్పు గీకి కడిగించింది. ఆమెది పాతకాలపు భయమని లోపల అనుకున్నాను. 2023 ఆగస్టు 26న మధురై స్టేషనులో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో సిలిండరువల్ల మంటలు లేచి తొమ్మిదిమంది పోయారని చదివిన రోజున, ఆ పొయ్యి వైపు చూసి దండం పెట్టుకున్నాను.

రెండు రోజులు సన్నాహం జరిగింది. ఎనిమిది కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, మూడు కిలోల ఉల్లిగడ్డలు, కిలో నూనె, చింతపండు, కారం, పసుపు, బెల్లం, పోపు సామాను. నీళ్ళకు ఇరవై లీటర్ల డబ్బాలు మూడు. దీపావళికి చేసిన చివడా, శంకర్‌పాళీ ఎట్లాగూ ఉన్నవి. మా షోలాపూరు ప్రత్యేకత కడక్ భాకరీ అరవై. జొన్నరొట్టెను పలుచగా కొట్టి, కాల్చి, పెళపెళలాడేదాకా ఎండబెడితే అది వారాల తరబడి చెడదు. దాని జోడు శేంగా చట్నీ. వేయించిన పల్లీలు, ఎల్లిపాయ, కారం, ఉప్పు రోట్లో వేసి, నూనె ఊరి ముద్ద అయ్యేదాకా దంచాలి. పొడిచేసి ఊరుకుంటే అది చట్నీ కాదు. ఈ రెండూ ఉంటే పొయ్యి వెలగకపోయినా ఎవరూ పస్తు ఉండరు.

సామాను సర్దడంలో కూడా ఒక పద్ధతి ఉంది. మొదట అవసరమయ్యేది చివర ఎక్కాలి. పొయ్యి, కట్టెలు, నీళ్ళ డబ్బా తలుపు దగ్గర; బియ్యం సంచి అడుగున; గిన్నెలు ఒకదానిలో ఒకటి ఇమిడ్చి, మధ్య మధ్య తువ్వాళ్ళు పెట్టి మోత రాకుండా చేశాము. పైన పన్నెండు చాదర్లు పరిచాము. పగలు మెత్త, రాత్రి పరుపు.

నవంబరు 10, శనివారం, చీకటితో బయలుదేరాము. హైదరాబాదు రోడ్డు మీద తెల్లవారేసరికి నల్దుర్గం కోట గోడలు కనిపించాయి. బోరీ నది నీటిని కట్టకట్టి, ఆ కట్టలోపలే 'పానీ మహల్' కట్టారు ఆదిల్‌షాహీలు. వానాకాలంలో ఆ కట్టమీదనుంచి నీళ్ళు రెండు ధారలుగా దూకుతాయి. వాటిని నర–మాదీ జలపాతాలంటారు. ఆ ఏడు మరాఠ్వాడాలో వానలు సరిగా లేవు. కాబట్టి మాకు కట్ట కనిపించింది గాని ధార కనిపించలేదు.

ఊరు దాటిన తరువాత ఒక వేపచెట్టు కింద మొదటిసారి పొయ్యి దింపాము. ఉప్మాకు పోపు వేసి, ఎసరు మరిగించి, ఉప్పు డబ్బాకోసం చెయ్యి చాపాను. లేదు! అన్ని సంచులూ విప్పాము. యాలకులు దొరికాయి, జాజికాయ కూడా దొరికింది, ఉప్పు మాత్రం నీలం నగరులో వంటింటి అరుగుమీద కూర్చుని ఉన్నది. మా ఆడబిడ్డ మొగుడు, “సంసారమంత తెచ్చి సారం మరిచిపోయిన్రు” అని నవ్వాడు.

కొంచెం అవతల రెండు లారీలు ఆగి ఉన్నవి. డ్రైవరు, క్లీనరు బండి నీడన స్టౌ పెట్టుకుని చపాతీలు కాలుస్తున్నారు. మా అబ్బాయి గ్లాసు తీసుకుని పరుగెత్తాడు. ఉప్పుతో నిండిన గ్లాసు, దానిమీద రెండు పచ్చిమిరపకాయలు తెచ్చాడు. బదులుగా ఆరు భాకరీలు, ఆకులో చట్నీ పంపించాము. డ్రైవరు పంజాబు వాడట. ఒక ముక్క కొరికి, చేయి పైకెత్తి ఊపాడు. నెలకు ఇరవై రోజులు రోడ్డుమీదే వండుకునే అటువంటివారి ముందు మేము అ–ఆలు దిద్దుకునేవాళ్ళమే.

ఆ పూట ఇంకొక సంగతి జరిగింది. తిన్న తరువాత మగవారు అలవాటుగా చేతులు కడుక్కుని చెట్టుకింద నడుము వాల్చారు. అత్తగారు గిన్నెల తట్ట తీసుకుపోయి వాళ్ళ ముందు పెట్టింది.

“ఇంట్ల పని ఆడోళ్ళది, బయటి పని మొగోళ్ళది అంటరు గద. ఇప్పుడు పొయ్యి యాడున్నది? బయటున్నది. మరి తోముండ్రి.”

మా వారు నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. ఆ నాలుగు రోజులూ నీళ్ళు తేవడం, కట్టెలు ఏరడం, గిన్నెలు తోమడం వాళ్ళదే అయింది. పన్నెండు మంది తిన్న గిన్నెలు ఎంత ఉంటాయో మా మరిదికి అప్పుడు తెలిసింది. ఇంకొక మేలు కూడా జరిగింది. ఇంట్లో అందరూ తిన్న తరువాత అడుగు బొడుగు తినే మేము ముగ్గురం, చెట్టుకింద అందరితోపాటు బంతిలో కూర్చుని వేడివేడిగా తిన్నాము. అక్కడ ఇల్లూ లేదు, వంటిల్లూ లేదు. లోపల ఉండిపోవడానికి చోటే లేదు.

ఉమర్గా వైపు పోతూంటే ఎదురుగా ట్రాక్టర్లు వరసగా వచ్చాయి. ఒక్కొక్కదాని వెనక ట్రాలీ. ట్రాలీలో పరుపు చుట్టలు, గంజులు, నీళ్ళ బిందెలు, ఒక మేక, వీటన్నిటిమీద పిల్లలు. మా చిన్నమ్మాయి చప్పట్లు కొట్టి, “వాళ్ళు కూడా పిక్నిక్‌కు పోతున్నరు!” అన్నది.

వాళ్ళు చెరకు కొట్టే కూలీలు. ఏటా దీపావళి కాగానే మరాఠ్వాడానుంచి భార్యాభర్తలు జంటగా బయలుదేరి, షోలాపూరు జిల్లాలోనూ ఇంకా పడమరనూ ఉన్న చక్కెర కర్మాగారాలకు పోతారు. ముందే తీసుకున్న బయానా తీరేదాకా నాలుగైదు నెలలు చెరకు తోటల పక్కన గుడిసెల్లో ఉంటారు. అదీ చక్రాలమీది ఇల్లే; మూడు రాళ్ళ పొయ్యే. కాని పిల్లల బడి అక్కడే ఆగిపోతుంది. తెల్లవారకముందే తల్లి కొడవలి పట్టుకుని పోతుంది.

అత్తగారు ఆ ట్రాలీల వైపు చాలాసేపు చూసి, “మా మామ గూడ గిట్లనే వచ్చిండట. నెత్తిమీద గంజు, సంకల పోరడు,” అన్నది. బండిలో ఎవరమూ మాట్లాడలేదు. ఇల్లు వెంటపెట్టుకుని తిరగడం ఒకరికి సరదా, ఒకరికి గతిలేనితనం. తేడా అంతా తిరిగి వెళ్ళడానికి ఇంకొక ఇల్లు ఉన్నదా లేదా అనే దానిలోనే ఉన్నది.

మధ్యాహ్నం హుమ్నాబాదు దాటి పప్పు, అన్నం, పచ్చిపులుసు. తెలంగాణా సరిహద్దులో బండి ఆపారు. అసెంబ్లీ ఎన్నికల రోజులు కావడంవల్ల ప్రతి బండినీ సోదా చేస్తున్నారు. పోలీసాయన బరువుగా ఉన్న స్టీలు డబ్బా మూత తీసి వంగి చూశాడు. శేంగా చట్నీ ఘాటుకు మూడు తుమ్ములు తుమ్మి, “మీరు షోలాపూరోళ్ళా?” అన్నాడు. షోలాపూరులో మమ్మల్ని తెలుగువాళ్ళంటారు. తెలుగు గడ్డమీద కాలు పెట్టగానే షోలాపూరోళ్ళమవుతాము. ఇది మాకు అలవాటే.

ఆ రాత్రి జహీరాబాదు దగ్గర ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుని గుడి చెంత దిగాము. ఆడవాళ్ళం, పిల్లలం బండిలో, మగవారు బయట చాదర్లు పరుచుకుని పడుకున్నారు. మేము నేసిన చాదరు ఎంత వెచ్చగా ఉంటుందో నీలం నగరులో ఎన్నడూ ఇంతగా తెలియలేదు. ఇంట్లో అది అమ్మకం సరుకు. మడత పెట్టి లెక్క రాయడమే గాని కప్పుకునేది చిరిగినదో, నేత తప్పినదో. ఈ ప్రయాణానికి మాత్రం అత్తగారు పట్టుబట్టి కొత్తవి తీయించింది.

కష్టం కూడా చెప్పాలి. వంటకు చెట్టుకింద చోటు దొరుకుతుంది గాని, ఆడవారి స్నానపానాదులకు దొరకదు. తెల్లవారుజామున చీకటి ఉండగానే లేచి, ఒకరికొకరం కాపలా కాసుకుంటూ, గుడి ఉన్నచోట గుడి వసతి, పెట్రోలు బంకు ఉన్నచోట దాని వసతి వెతుక్కున్నాము. మా మేనల్లుడు చెప్పిన బండిలో నాకు అసూయ కలిగించినది మంచుపెట్టె కాదు. తలుపు ఉన్న ఆ చిన్న గది.

మరునాడు సంగారెడ్డి, నర్సాపూరు, తూప్రాను, గజ్వేలు, సిద్దిపేట మీదుగా సాయంకాలానికి సిరిసిల్ల వీధుల్లో ప్రవేశించాము. కిటికీలోనుంచి మగ్గాల చప్పుడు వినిపించింది. మా పిల్లలు, “మన ఊరే!” అని కేకపెట్టారు. చప్పుడు ఒకటే గాని సరుకు వేరు. మా దగ్గర నూలు చాదర్లు, తువ్వాళ్ళు. అక్కడ ఎక్కువ పాలిస్టరు బట్ట. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల పని ఇవ్వడంతో ఆ సంవత్సరాల్లో అక్కడ మగ్గాలకు చేతినిండా పని ఉండేది. మేము మరాఠీ ధోరణిలో 'మాగ్' అనే యంత్రాన్ని వాళ్ళు 'సాంచా' అంటారు. అత్తగారు మాత్రం కిటికీ అద్దానికి నుదురు ఆనించి కూర్చున్నది. ఒక సందు మలుపు రాగానే తల ఇటు తిప్పుకున్నది. బండి ఆపమని ఆమె అనలేదు. ఆపనా అని మేమూ అడగలేదు.

వేములవాడ అక్కడికి పది కిలోమీటర్ల పైచిలుకు. మరునాడు కార్తీక సోమవారం. ధర్మగుండం మెట్లమీద కాలు మోపడానికి సందు లేదు. అయినా మా అబ్బాయి కోడె పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిరిగి, దానిని కట్టివేసి, మొక్కు తీర్చాడు. కోడె వాడికంటె బుద్ధిగా నడిచింది. ఆ గుడి ఆవరణలోనే ఒక దర్గా కూడా ఉన్నది. రాజన్నను చూసినవారు అక్కడ కూడా దండం పెట్టుకుని పోతారు. అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.

తిరుగుదారిలో మానేరు వాగు దగ్గరికి రాగానే అత్తగారు, “ఈడ ఆపుండ్రి. రాత్రి బువ్వ ఈడనే,” అన్నది. ఒడ్డున చింతచెట్టు కింద పొయ్యి పెట్టాము. ఆమెకు ఆ రోజు ఉపవాసం; చుక్క చూసిగాని తినదు. అయినా ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తానే బియ్యం కొలిచింది. చూస్తున్నాను గదా, కొలత ఎక్కువయింది. పన్నెండు మందికి కాదు, ఇరవై మందికి సరిపోయేటట్లు పోసింది.

“ఎక్కువైతది అత్తమ్మా” అన్నాను.

“కానీ” అన్నది.

ఎసట్లో బియ్యం పడిన తరువాత మా వారిని పిలిచింది. కళ్ళు మంటమీదనే ఉన్నవి.

“పోయి మీ మామను తోలుకరా. అక్క అన్నం పెడుతున్నది, తినిపో అన్నదని చెప్పు.”

మా వారు కొంచెంసేపు అట్లాగే నిలబడి, కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళారు. “మరి నీ ఒట్టు?” అని మా ఆడబిడ్డ మెల్లగా అడిగింది.

“వాని ఇంట్ల మెతుకు ముట్టనన్న. నా పొయ్యిమీద వండింది వానికి పెట్టనన్ననా?”

గంట దాటింది. పప్పు దిగింది, వంకాయ కూర దిగింది, చీకటి పడింది. ఆమె మాటిమాటికీ రోడ్డువైపు చూసి, మంట సరిచేస్తున్నట్లు వంగేది. రాకపోతే ఏమి చేయాలో నాకు తోచలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ పౌరుషం వదులుకుని పిలిచిన మనిషి, ఆ పిలుపు తిరిగి వస్తే తట్టుకోగలదా?

చివరకు ఒక ఆటో వచ్చి ఆగింది. ముందు మా అబ్బాయి దూకాడు. వెనక తెల్లని తల, చేతిలో కర్ర, సన్నగా ఒక పెద్దాయన దిగాడు. ఆయన వెంట భార్య, ఆమె చేతిలో మూటకట్టిన గిన్నె. ఆయన పొయ్యి దగ్గరదాకా వచ్చి నిలబడి, “అక్కా, భావూబీజ్ అయి మూడు దినాలాయె గద,” అన్నాడు. అంతకంటె ఏమి అనాలో ఆయనకు తోచలేదు కాబోలు. దీపావళి వెళ్ళిన విదియనాడు అక్క చేతి అన్నం తమ్ముడు తినాలని మన శాస్త్రం. మహారాష్ట్రంలో దానినే భావూబీజ్ అంటారు. ఏటా ఆ రోజున అక్కను తలుచుకున్నాడన్న మాట!

“మూడు దినాలకే ఆలస్యమాయెనా? ఇరవై తొమ్మిదేండ్లాయె. కూసో,” అన్నది అత్తగారు.

ఆయన కూర్చున్నాడు. ఆమె విస్తట్లో ముందు కడక్ భాకరీ విరిచి వేసి, చట్నీ పెట్టి, పైన నూనె పోసింది. పళ్ళు లేక ఆయన దానిని పప్పులో నానబెట్టుకుని తిన్నాడు. మధ్యలో ఒకసారి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “చట్నీ కారమున్నదే,” అన్నాడు. అది కారమేనని అందరమూ నమ్మినట్లే ఊరుకున్నాము.

చుక్క పొడిచింది. ఆయన భార్య మూట విప్పింది. గిన్నెలో సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చినది. ఇంకా వెచ్చగా ఉన్నది. “వదినె, నీ బిడ్డలకన్న పెట్టు,” అంటూ అందించబోయి, మధ్యలో చెయ్యి ఆపింది. ఒట్టు సంగతి ఆమెకూ తెలుసు.

అత్తగారు చుట్టూ చూసింది. పైన చింతచెట్టు, అవతల వాగు. “ఇది ఇల్లు కాదు గద,” అని ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నది. ఆమె ఉపవాసం పుట్టింటి సర్వపిండితోనే తీరింది.

ఆ రాత్రి అక్కాతమ్ముళ్ళు ఏమి మాట్లాడుకున్నారో నేను వినలేదు. మా మరిది చీకట్లో వాగు ఒడ్డున, ఎవరూ చెప్పకుండానే గిన్నెలు తోముతున్నాడు.

తిరిగి వచ్చిన తరువాత ఆలోచిస్తే ఒక సంగతి స్పష్టమయింది. చుట్టాలుగా వెళ్ళి ఉంటే ఎవరి ఇంటికి ముందు పోవాలి, ఎవరు పిలవాలి, ఎవరు తగ్గాలి అనే చర్చ తెమిలేది కాదు. పొయ్యి వెంట ఉండబట్టి ఆమె ఎవరి గడపా తొక్కకుండానే ఇల్లాలుగా నిలబడగలిగింది. అన్నం పెట్టే చేయి ఎక్కడున్నా పైచేయే గదా. అమెరికా బండి అయినా, అద్దె టెంపో అయినా, దాని గొప్ప చక్రాలలో లేదు. నలుగురిని పిలిచి కూర్చోబెట్టే చోటు మనతో వస్తుంది, అదీ గొప్ప.

2022 ఎండాకాలంలో ఆ పెద్దాయన పోయారు. ఈసారి కబురు వెంటనే అందింది. మేము వేళకు చేరాము. పదకొండోనాడు అత్తగారు ఆ ఇంట్లోనే, లోపల గదిలో, మరదలి పక్కన కూర్చుని తిన్నది. ఒట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇనుప పొయ్యి ఇప్పుడు అటకమీద లేదు. తలుపు పక్కనే ఉన్నది. ఏ కార్తీకానికైనా బయలుదేరవలసి వస్తుందని అత్తగారు దానిని అక్కడినుంచి కదలనివ్వదు. మీలో ఎవరైనా ఇటువంటి ప్రయాణం తలపెడితే నా అనుభవం మీద మూడు మాటలు చెబుతాను. మంటను బండిలోకి ఎక్కించకండి. బియ్యం లెక్కకు మించి నాలుగు గుప్పెళ్ళు పోసుకోండి. ఎవరు వస్తారో తెలియదు. ఉప్పు డబ్బా మాత్రం అన్నిటికంటె ముందు బండిలో పెట్టుకోండి.